భీమశంకరం గారి రెండు బటన్లు

భీమశంకరం గారు కారెక్కగానే ముందు సీటు బెల్టు పెట్టుకుంటారు, తర్వాత అద్దాలు సరిచూసుకుంటారు, ఆ తర్వాత నన్ను తిడతారు. రెండువేల ఆరులో మేముండే ఊరు షామ్‌బర్గ్ నుంచి మేం పనిచేసే యూనివర్సిటీకి ఇద్దరం ఒకే కారులో వెళ్లేవాళ్లం. వీలునిబట్టి ఒకసారి ఆయన కారు, ఒకసారి నాది. ఎవరి కారైనా తిట్లు మాత్రం నాకే. లైబ్రరీలో విద్యార్థుల కోసం పెట్టిన ఇరవై నాలుగు కంప్యూటర్లు నా చేతి కింద ఉండేవి. వాటిలో ఐదేళ్ల నాటి పాత బ్రౌజర్ ఉండేది. దాన్ని తీసేసి కొత్తది పెట్టమని ఆయన, పెట్టనని నేను. నాకూ కారణముంది. మా జర్నళ్లు వెతికే ప్రోగ్రాం ఆ పాత బ్రౌజర్‌లో తప్ప ఇంకెందులోనూ తెరుచుకునేది కాదు. ఆ సంగతి ఒకసారి మర్యాదగా చెప్పాను. మళ్లీ అడిగితే మర్యాద తగ్గించి చెప్పాను. ఆ తర్వాత ఆయన పంపిన మూడు ఈమెయిళ్లకి జవాబే ఇవ్వలేదు.

ఆయన విద్యార్థుల కోర్సుల నమోదు చూసే రిజిస్ట్రార్ ఆఫీసులో వెబ్ పేజీలు రాసేవారు. రేపల్లె వైపు మనిషి. ఎనభైల్లో కెమిస్ట్రీ చదవడానికి ఈ దేశం వచ్చి, డాక్టరేట్ చేసి, ఒక రంగుల కంపెనీ ల్యాబ్‌లో పన్నెండేళ్లు పనిచేశారు. ఆ ల్యాబ్ మూతపడితే నలభై రెండేళ్ల వయసులో పుస్తకాలు ముందేసుకుని వెబ్ పని నేర్చుకున్నారు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలెక్కువ అంటారు చూడండి, ఆయనదీ అదే వరస. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కూడా స్టాప్ బోర్డు దగ్గర కారు పూర్తిగా ఆపి, మూడు అంకెలు లెక్కపెట్టుకుని కదులుతారు. నాకు అవతల లైబ్రరీ తలుపులు తీసే టైమైపోతూ ఉంటుంది. కారు వెనక సీటు మీద ఎప్పుడూ ఒక లావుపాటి కట్ట ఉండేది, స్పైరల్ బైండింగ్ చేయించింది, మధ్యమధ్యలో రంగురంగుల చీటీలు పెట్టింది. వెబ్ పేజీ ఎలా రాయాలో చెప్పే స్టాండర్డ్ అది. ఆయన భార్య భానుమతి గారు దాన్ని "మా సవతి" అనేవారు.

ఆ కట్ట గురించి నాకు తెలిసిందంతా దారి పొడవునా ఆయన చెప్పగా ఒంటబట్టిందే. ప్రపంచంలో వెబ్ పేజీలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలని ఒక పెద్ద సంఘం ఏర్పడింది. కంపెనీలవాళ్లు, యూనివర్సిటీలవాళ్లు, ఊరికే పట్టుదల ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకుని, ఒక్కొక్క మాట మీద వాదించుకుని, ముసాయిదా మీద ముసాయిదా మార్చి చివరికొక పత్రం బయటపెడతారు. బ్రౌజర్లు చేసే కంపెనీలు దాన్ని చదివి, అందులో ఉన్నట్టు తమ బ్రౌజర్ నడిచేలా చేయాలి. పేచీ అక్కడే. ఒకళ్లు ఒక వాక్యాన్ని ఒకలా చదువుతారు, ఇంకొకళ్లు ఇంకోలా చదువుతారు, మరొకళ్లు తొందరలో సగం చేసి వదిలేస్తారు. అదేమిటని అడగడానికి సంఘం చేతిలో బెత్తం లేదు. అసలు ఆ పత్రానికి వాళ్లు పెట్టుకున్న పేరే సిఫారసు. ఆ ముక్క నేనొకసారి అన్నందుకు భీమశంకరం గారు రెండు రోజులు నాతో కాఫీకి రాలేదు.

ఆ సంఘంవాళ్ల ఈమెయిల్ చర్చల్లో ఎవరైనా రాయవచ్చు. ఈయన రెండుసార్లు రాశారు. ఒకదానికి ఎవరో మహానుభావుడు "మంచి పరిశీలన, థాంక్స్" అని జవాబిచ్చాడు. ఆ ఒక్క ముక్కనీ ప్రింట్ తీసి ఆఫీసు గోడకి అంటించుకున్నారు. తను రాసిన ప్రతి పేజీ అడుగునా చిన్న ముద్ర ఒకటి పెట్టేవారు, ఈ పేజీ స్టాండర్డ్ ప్రకారం నిర్దోషం అని. ఆ రోజుల్లో అదొక ఆచారం. తప్పులు పట్టే ప్రోగ్రాంకి పేజీ అప్పగించి, అది పాస్ చేస్తేనే ఆ ముద్ర వేసుకోవాలి. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదన్నట్టు, ముద్ర పడితేనే ఆయనకి అది పేజీ. ముద్ర పడ్డాక ఏ బ్రౌజర్‌లో ఎలా నడుస్తోందో చూసుకోవడం మాత్రం లేదు. "సరిగ్గా రాశాక ఇంకా చూసేదేముందమ్మా? తప్పుడు బ్రౌజర్ కోసం నేను వంకరగా రాయాలా?" అనేవారు.

అక్టోబర్ రెండో తేదీ, సోమవారం పొద్దున సంహిత ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. హనుమకొండ అమ్మాయి, ఎమ్మెస్ రెండో ఏడు. మా లైబ్రరీలోనే వారానికి పదిహేను గంటలు పనిచేసేది, తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దడం. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల మొహంలో ఆ రోజు నెత్తుటి చుక్క లేదు.

"ఆంటీ, నేను ఈ సెమిస్టర్‌ల రెండే కోర్సులు తీస్కున్ననంట. మూడోది నేనే డ్రాప్ చేసిన్నంట."

విదేశీ విద్యార్థుల సంగతి చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్ అది. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లు సెమిస్టర్‌కి మూడు కోర్సులు తీసుకుని తీరాలి. ఒకటి తగ్గితే ఆ ఆఫీసువాళ్లు ప్రభుత్వానికి రిపోర్ట్ చేయాలి. చేస్తే స్టేటస్ పోతుంది, ఇక సామాను సర్దుకోవడమే. అది తన తప్పు కాదని పదమూడో తేదీ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా యూనివర్సిటీవాళ్ల చేతే కాగితం తేగలిగితే రిపోర్ట్ ఆగుతుంది, లేకపోతే లేదు. చదివి కాగితం బల్ల మీద పెట్టాను.

"క్లాస్‌కి పోతనే ఉన్న ఆంటీ. ఎగ్జామ్ గూడ రాసిన, ఎనభై ఎనిమిది వచ్చినయి. ప్రొఫెసర్ మార్కులు ఎక్కిస్తుంటే నా పేరు లిస్ట్‌ల లేదు. గప్పుడు తెలిసింది."

"డ్రాప్ ఎప్పుడు చేశావట?"

"ఆగస్టుల. వెయిటింగ్ లిస్ట్‌ల ఉంటిని. సీట్ వచ్చిందని మెయిల్ వస్తే పేజీ ఓపెన్ చేసిన. రెండు బటన్లు ఉన్నయి, కీప్ ఒకటి, డ్రాప్ ఒకటి. నేను కీప్ నొక్కిన. మీ సెలెక్షన్ రికార్డ్ అయింది అని వచ్చింది. గంతే."

ఆ పేజీ భీమశంకరం గారిది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ పిల్లని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన స్టీలు డబ్బా మూత పెట్టేసి, చేతులు తుడుచుకుని, ఎంతో ఓపికగా విన్నారు. కంప్యూటర్‌లో వెతికారు.

"ఆగస్టు ఇరవై నాలుగు, మధ్యాహ్నం రెండు పన్నెండు. డ్రాప్ అని వచ్చిందమ్మా."

"నేను కీప్ నొక్కిన అంకుల్."

"అలాగే అనిపిస్తుందమ్మా. రెండూ పక్కపక్కనే ఉంటాయి, తొందరలో చెయ్యి జారుతుంది. లాగ్ అబద్ధం చెప్పదు కదా."

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. మంచిగా చెప్పే అబద్ధాన్ని ఎలా ఎదిరించాలో ఆ పిల్లకి తెలియలేదు. లాగ్ అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా. ఆయనకి అది వేదం. ఆ సాయంత్రమే ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి కెల్లీ అనే ఆమె ఫోన్ చేసి అడిగితే, సిస్టమ్‌లో ఏ లోపమూ లేదు, విద్యార్థే డ్రాప్ నొక్కింది అని ఆమె ఇచ్చిన ఫారం మీద రెండు వాక్యాలు రాసి సంతకం చేసి పంపారు.

తిరుగు ప్రయాణంలో అడిగాను, "కాస్త ఆగి రాయాల్సింది కాదా?" అని.

"ఉన్నది రాయడానికి ఆగడమెందుకు?" అన్నారు. "స్టాండర్డ్ ఏం చెప్తుందో తెలుసా? ఒక ఫారంలో ఎన్ని బటన్లున్నా సరే, మనిషి నొక్కిన బటన్ ఒక్కటే సర్వర్‌కి చేరాలి. ఒకటి నొక్కితే ఇంకొకటి వెళ్లడమన్నది ఉండదు."

పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మంగళ, బుధవారాలు నాకు కుదురు లేదు. కాలు కాలిన పిల్లిలా లైబ్రరీ అంతా తిరిగాను. సంహిత పుస్తకాల బండి తోసుకుంటూ తప్పు అరల్లో పెట్టేస్తోంది, నేను వెనకాలే వెళ్లి తీసి సరైన చోట పెడుతున్నాను. గంటకోసారి ఈమెయిల్ చూసుకోవడం, మళ్లీ బండి తోయడం. ఇంట్లో చెప్పావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "ఏమని చెప్పాలె ఆంటీ? డ్రాప్ నొక్కిన అని చెప్పాలెనా?" అంది.

బుధవారం సాయంత్రం నాకో మాట అడగాలనిపించింది. అంతకుముందే అడిగి ఉండాల్సింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ ప్రశ్న చుట్టూ రెండు రోజులు తిరిగాను తప్ప నోరు తెరవలేదు.

"ఆ బటన్ ఎక్కడ నొక్కావు? నీ ల్యాప్‌టాప్ మీదేనా?"

"లేదాంటీ. నా ల్యాప్‌టాప్ ఖరాబైంది అప్పట్ల. ఇక్కడ్నే, కిటికీ పక్కన మిషన్ మీద. షిఫ్ట్ అయినంక."

నా కంప్యూటర్. నా పాత బ్రౌజర్.

మర్నాడు భీమశంకరం గారిని లైబ్రరీకి రప్పించాలి. ఆ పిల్ల కోసం రమ్మంటే రారు, లాగ్ ఉంది కదా అంటారు. అందుకని కారులో ఇంకో రకంగా ఎత్తుకున్నాను. "నా కంప్యూటర్లు ఎంత చెడ్డవో మీరు నిరూపించండి. నిరూపిస్తే రేపే కొత్త బ్రౌజర్ పెట్టేస్తాను" అన్నాను. మనిషి మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నానికల్లా తన ల్యాప్‌టాప్ పట్టుకుని, ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతా తయారుచేసుకుని మరీ వచ్చేశారు.

కిటికీ పక్క మిషన్ ముందు కూర్చుని ఆ పేజీ తెరిచారు. పేజీ చూడ్డానికి చక్కగానే ఉంది, అడుగున ముద్ర కూడా ఉంది. కీప్ నొక్కారు. మీ సెలెక్షన్ రికార్డ్ అయింది అని వచ్చింది. పక్కన ల్యాప్‌టాప్‌లో సర్వర్ ఏం రాసుకుందో చూశారు. డ్రాప్ అని ఉంది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. మళ్లీ కీప్ నొక్కారు. డ్రాప్. నన్ను నొక్కమన్నారు. వేలు ఎత్తి, బటన్ పేరు పైకి చదివి నొక్కాను. డ్రాప్. ల్యాప్‌టాప్‌లోని కొత్త బ్రౌజర్‌తో నొక్కితే కీప్ అంటే కీప్ అనే పడింది. తర్వాత ఆయన అప్పటికప్పుడు ఒక చిన్న పేజీ రాశారు, బ్రౌజర్ సర్వర్‌కి ఏం పంపుతోందో ఉన్నదున్నట్టు చూపించేది. పాత బ్రౌజర్‌లో ఒక బటన్ నొక్కితే రెండు బటన్ల పేర్లూ వెళ్తున్నాయి. ఈయన ప్రోగ్రాం ముందుగా డ్రాప్ ఉందా అని చూస్తుంది. ఉంది కాబట్టి కోర్సు తీసేస్తుంది. రెండోది చూడనే చూడదు.

"స్టాండర్డ్‌లో స్పష్టంగా ఉంది," అన్నారు భీమశంకరం గారు. "వీళ్లు పాటించలేదు. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానా లేదా?"

ఆ గొంతులో సంతోషం ఉంది. దాచుకుందామన్నా దాగని సంతోషం. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది.

"మీకు ఆనందంగా ఉందా?" అన్నాను. "ఆ పిల్ల నాలుగు రోజుల్నుంచి అన్నం తినట్లేదు."

ఆయన తలెత్తి చూశారు. పుస్తకాల బండి దగ్గర సంహిత నిలబడి అంతా వింటోంది. ఆయన ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తన పేజీలో ఆ బటన్లు మార్చారు. పాత పద్ధతిలో రాసే బటన్లు వేరే ఉన్నాయట, అవి ఏ బ్రౌజర్‌లోనైనా బుద్ధిగా నడుస్తాయి. ఐదు నిమిషాలు పట్టింది. ఆ లోపం గురించి బయట ఎంతోమంది ఎప్పుడో రాసి పెట్టారని తర్వాత తెలిసింది. ఈయన చదివేది స్టాండర్డ్, దాన్ని పాటించనివాళ్ల కబుర్లు కాదు కాబట్టి ఎరగరు.

పేజీ ఐదు నిమిషాల్లో బాగుపడింది. పిల్ల కాగితం మాత్రం బాగుపడలేదు. కెల్లీ దగ్గర ఒక ఫారం ఉంది. దాని మీద రెండు గడులున్నాయి, విద్యార్థి పొరపాటు, యూనివర్సిటీ పొరపాటు. పేజీ రాసినాయన ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి. మొదటిదాంట్లో సోమవారమే పెట్టేశారు. ఇప్పుడు రెండోదాంట్లో పెట్టి కొత్త ఫారం ఇస్తే చాలు.

"రెండోది కూడా నిజం కాదు," అన్నారు భీమశంకరం గారు. "నా కోడ్‌లో తప్పు లేదు. తప్పు బ్రౌజర్‌ది."

"బ్రౌజర్‌కి గడి లేదండి."

"గడి లేకపోతే ఉత్తరం రాస్తాను."

శని, ఆదివారాలు కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. స్టాండర్డ్‌లో ఏ అధ్యాయంలో ఏ పేరాలో ఏముందో, బ్రౌజర్ దాన్ని ఎక్కడ తప్పిందో, అన్నీ నంబర్లతో సహా ఉన్నాయి. సోమవారం ఇచ్చారు. మంగళవారం కెల్లీ తిప్పి పంపింది. నాకివేవీ అర్థం కాలేదు, దయచేసి ఏ గడో చెప్పండి, అని చీటీ పెట్టింది. ఆమెనీ అనలేం, ఆమె పైనవాళ్లకి చూపించాల్సింది ఫారమే. మూడు రోజులు మిగిలాయి.

సంహిత సూట్‌కేసు కొలతల గురించి రూమ్మేట్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. ఇరవై నాలుగు కంప్యూటర్లలో అప్పటికే కొత్త బ్రౌజర్ పెట్టించాను, పాతదాన్ని జర్నళ్ల కోసం రెండు మిషన్లలో మాత్రం ఉంచాను. ఒక పూట పని. ఆయన మొదటి ఈమెయిల్ పంపిన రోజునే అలా చేసి ఉంటే సరిపోయేది.

బుధవారం పొద్దున ఆయన కారు. బెల్టు పెట్టుకున్నారు, అద్దాలు చూసుకున్నారు, నన్ను మాత్రం తిట్టలేదు. హైవే ఎక్కాక నేనే మొదలుపెట్టాను.

"మీ మూడు ఈమెయిళ్లూ నేను చదివానండి. కావాలనే జవాబివ్వలేదు. మీరు చెప్పారు కాబట్టే చేయలేదు. ఇందులో నా తప్పు ఉంది. కెల్లీ దగ్గర నాకు గడి ఉంటే నేను పెట్టేదాన్ని."

"నువ్వెందుకు పెడతావమ్మా. నేనే పెట్టట్లేదు. అబద్ధం మీద సంతకం చేయను నేను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ చేయలేదు."

"పోయిన వారం సోమవారం చేశారు కదా."

ఆయన అద్దం సరిచేసుకున్నారు.

"ఆ పిల్ల డ్రాప్ నొక్కిందని రాసి సంతకం చేశారు. నొక్కలేదు కదా. అది అబద్ధమే కదండీ. ఆ కాగితం ఇప్పుడు కూడా ఆమె ఫైల్లో ఉంది."

మేం దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది. ఆయన చూసుకోలేదు, నేనూ చెప్పలేదు. నాలుగు మైళ్లు అవతల తిరిగి వెనక్కి వచ్చాం. దిగేటప్పుడు మాత్రం అన్నారు, "ఇవాళ ఒకటి చూడాలి" అని.

గురువారం మధ్యాహ్నం ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. రాత్రంతా నిద్రలేని మొహం. లాగ్‌లో ప్రతి వరస చివరా ఆ మనిషి ఏ బ్రౌజర్ వాడాడో కూడా ఉంటుందట. ఆ పేజీ జనవరిలో మొదలైంది. అప్పట్నుంచి ఆ పాత బ్రౌజర్‌తో వచ్చినవాళ్లని మాత్రమే వేరుచేసి చూశారు.

"ముప్పై ఒక్కమంది," అన్నారు. "ముప్పై ఒక్క డ్రాపులు. ఒక్క కీప్ లేదు. వెయిటింగ్ లిస్టులో కాచుకుని కూర్చుని సీటు దొరికినవాళ్లమ్మా వీళ్లు. ముప్పై ఒక్కమందిలో ఒక్కళ్లయినా ఉంచుకోరా?"

నేను ఆ వరసల మీద వేలు పెట్టి కిందిదాకా లెక్కపెట్టాను.

"ఇదంతా లాగ్‌లోనే ఉంది. తొమ్మిది నెలల్నుంచి ఉంది. నేను అడగలేదు." కళ్లజోడు తీసి, "నా పేజీ నా యూనివర్సిటీ పిల్లల చేతిలో పనిచేయకపోతే అది నా తప్పే. ఇక ఆ స్టాండర్డ్ ఉన్నది ఎవరితో కబుర్లు చెప్పుకోవడానికి?" అన్నారు.

జేబులోంచి ఫారం తీశారు. రెండో గడిలో టిక్కు అప్పటికే ఉంది, కింద సంతకం కూడా ఉంది. సంహితని పిలిచాను. ముగ్గురం నడుచుకుంటూ కెల్లీ దగ్గరికి వెళ్లాం. ఆమె ఫారం చూసి, పాత ఫారం ఫైల్లోంచి తీసి, కొత్తది పెట్టి, రిజిస్ట్రార్‌కి ఫోన్ చేసి కోర్సు తిరిగి ఎక్కించమంది. ఆ గదిలో మేం కూర్చున్నది పది నిమిషాలు. బయటికి వచ్చాక సంహిత మెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను గానీ ఏడవలేదు. కోపంగా ఉంది.

"మొదటి రోజే చెప్పిన కదా అంకుల్, కీప్ నొక్కిన అని."

"చెప్పావమ్మా," అన్నారు ఆయన. "నువ్వు చెప్పావు. నేను వినలేదు."

సంహిత లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి అన్నీ ఒకేసారి చెప్పానని మర్నాడు నాతో అంది.

నాకైతే గుండె మీద బండ దిగింది. ఆయనకి దిగలేదు. శుక్రవారం పొద్దున నా కారులో కూర్చుని ఆ ముప్పై ఒక్కమంది జాబితా ఒళ్లో పెట్టుకున్నారు. పేరు పేరునా వెతికారట. చాలామంది నాలుగైదు రోజుల్లోనే కోర్సు లేదని చూసుకుని, తామే తప్పు నొక్కామనుకుని మళ్లీ చేరారు. కొందరు వేరే కోర్సు తీసుకున్నారు. ఒక్కడు మాత్రం ఏదీ చేయలేదు. నిశాంత్ అని, మచిలీపట్నం కుర్రాడు. ఆ ఏడు జనవరిలో మొదలైన స్ప్రింగ్ సెమిస్టర్‌లో సంహితకి జరిగినట్టే జరిగింది. మార్చిలో రిపోర్ట్ వెళ్లింది. ఏప్రిల్‌లో తిరిగి వెళ్లిపోయాడు.

"వాడు నా దగ్గరికి వచ్చాడు," అన్నారు భీమశంకరం గారు. "నాకు మొహం కూడా గుర్తు రావట్లేదు. ఫిబ్రవరిలో వచ్చాడని నా క్యాలెండర్‌లో ఉంది. పది నిమిషాలు."

రాత్రే ఈమెయిల్ పంపితే నిశాంత్ ఫోన్ నంబరు పంపాడట. ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపాను. ఇక్కడ పొద్దున ఎనిమిది, అక్కడ సాయంత్రం ఆరున్నర. నేను దిగబోతే, "ఉండమ్మా" అన్నారు. కాలింగ్ కార్డు చూసి నంబర్లు ఒక్కొక్కటీ నొక్కారు. స్పీకర్ పెట్టారు.

"నిశాంత్ గారేనా? నేను భీమశంకరాన్ని మాట్లాడుతున్నాను. రిజిస్ట్రార్ ఆఫీసు."

"చెప్పండి సార్." వెనకాల ఎవరివో మాటలు, ఏదో షాపులో ఉన్నట్టుంది.

"మీరు ఆ రోజు కీప్ నొక్కానని చెప్పారు. కీపే నొక్కారు. పేజీ నాది. తప్పు నాది. కెల్లీ గారితో మాట్లాడాను. మీరు మళ్లీ అప్లై చేసుకుంటే మా నుంచి ఉత్తరం ఇస్తారు, వీసా సంగతి మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ ముందు ఈ మాట మీకు చెప్పాలి."

వెనకాల మాటలు తగ్గాయి, షాపు బయటికి వచ్చినట్టున్నాడు.

"మొదట్లో నాకు తెలుసండి, కీపే నొక్కానని," అన్నాడు నిశాంత్. "మీరు చెప్పాక, ఆ మేడమ్ చెప్పాక, నాకే డౌట్ వచ్చేసింది. ఇంటికొచ్చాక మా నాన్న అడిగారు. పొరపాటున తప్పు బటన్ నొక్కేశాను నాన్నా అని చెప్పేశాను. ఇప్పుడు కలలో కూడా డ్రాపే నొక్కుతున్నానండి."

భీమశంకరం గారు ఒళ్లోని జాబితా బోర్లించి పెట్టారు.

"సార్, మీరేమీ అనుకోకపోతే ఇప్పుడు చెప్పింది కాగితం మీద రాసి పంపిస్తారా? మా నాన్నకి చూపించాలి. ఇంగ్లీషులో వద్దండి, ఆయనకి రాదు."

"రాస్తాను నాయనా. ఇప్పుడే రాస్తాను."

ఫోన్ పెట్టేశాక నా బ్యాగులోంచి కాగితం, పెన్ను అడిగి తీసుకున్నారు. తెలుగులో ఉత్తరం రాసి పదిహేనేళ్లయిందన్నారు. ఒళ్లో నా లైబ్రరీ పుస్తకమొకటి పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టుకుని, ఒక వాక్యం మొదలుపెట్టి కొట్టేశారు. ఇంకోటి మొదలుపెట్టి అదీ కొట్టేశారు. మూడో కాగితం ఇచ్చాను. ఈసారి ఆగకుండా ఒకే వరస రాసి, కింద సంతకం చేసి, సరిగ్గా ఉందా అని నాకు చూపించారు.

అయ్యా, మీ అబ్బాయి తప్పు నొక్కలేదు.